తగ్గినోళ్లు

మంగళవారం మీటింగు ముగించుకుని, దాన్ని నడిపే సంస్థ అమ్మాయి మహజబీన్ మార్కాపురం ఆటో ఎక్కేదాకా ఆగి, రాధాకుమారి అంగన్‌వాడీ మెట్ల కాడికి వచ్చింది.

"ఎవురూ లెయ్యొద్దు. ఒక మాట చెప్పేది ఉంది."

కొంగులు దులుపుకుంటున్న పన్నెండు మంది ఆడవాళ్లూ మళ్లీ చతికిలబడ్డారు. రాధాకుమారి ఊళ్లో పొదుపు సంఘాలకు లీడరు. బ్యాంకు మేనేజరు ముందైనా, ఎమ్మార్వో ముందైనా జంకు లేకుండా మాట్లాడుతుంది. ఆరు నెలల కింద మార్కాపురం నుంచి సంస్థవాళ్లు వచ్చి, మనసు కుంగిపోయిన పేద ఆడవాళ్లకు రెండేసి గొర్రెలిస్తామని, వారానికొకసారి కూచోబెట్టి మాట్లాడిస్తామని, కావలసినవాళ్లకు డాక్టరుతో మందులిప్పిస్తామని చెబితే, వాళ్లను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది ఆమే.

"శుక్రవారం సర్వే అంట. మహజబీన్ అడగదు, బయట మనిషి వస్తాడు. మొదట్లో అడిగినారే, ఆ తొమ్మిది ప్రశ్నలే. తగ్గిందని చెప్పినోళ్ల పేర్లు కొట్టేస్తారు. తగ్గనోళ్లకు ఇంకో ఆర్నెల్లు నెలకో దాణా బస్తా, మందులు, మీటింగులు అన్నీ నడుస్తాయి. చెప్పడం నా ధర్మం, చెప్పినా. ఇంక మీ ఇష్టం."

"తగ్గినదాన్ని తగ్గలేదని ఎట్ల చెప్పేదమ్మా?" అంది వెంకటసుబ్బులమ్మ.

"నోటితోనే. నిద్ర పడతాందా అంటే పట్టడంలా అను. అన్నం సయిస్తాందా అంటే లేదను. అంతే గదా."

"నేనైతే ఏడ్చి చూపిస్తా," అంది లాల్బీ. కొంగు నోటికడ్డం పెట్టుకుని, పెళ్లికూతుర్ని సాగనంపేటప్పటి ఏడుపు రాగం తీసింది. అందరూ పగలబడి నవ్వారు. లాల్బీ ఉంటే మీటింగుకు ఉత్సాహం. ఎవరైనా చెప్పుకుంటూ చెప్పుకుంటూ గొంతు పూడుకుపోతే ఆమే ఏదో ఒకటి అని గట్టెక్కించేది. అందరికంటే ముందు కోలుకున్నది లాల్బీ అక్కేనని మహజబీన్ కూడా రెండు మూడుసార్లు అంది.

చెంచమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే పక్కనున్న లాల్బీ చేతి వంక చూసింది. ఆ చేయి కొంగు అంచులోంచి ఒక్కొక్క పోగే లాగుతోంది. బెత్తెడు మేర అంచు విడిపోయి ఉంది.

*

బుధవారం పొద్దున చెంచమ్మ గొర్రెల్ని సజ్జ కోసిన చేలల్లోకి తోలింది. తనవి రెండు గొర్రెలు, వాటి పిల్లలు రెండు, లాల్బీవి రెండు. పక్కనే పుల్లయ్య కంది పూత మీద ఉంది. ఒక్క గొర్రె మూతి పెట్టినా ఊరంతా వినబడేలా తిడతాడు. కట్టె చేతబట్టుకుని గట్టు వెంబడే అటూ ఇటూ తిరుగుతోంది. లాల్బీ గొర్రెల్ని తనే తోలుకురావడం ఇది పదోరోజు. మోకాళ్ల నొప్పులని చెప్పింది లాల్బీ.

తిరుగుతూ తిరుగుతూ చెంచమ్మ మెల్లగా అంది: "నిద్ర పట్టడంలేదు."

దగ్గర్లో ఉన్న గొర్రె తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది.

"రోజూ నిద్ర పట్టడంలేదు. ఏ పనీ చేయబుద్ధి కాదు."

అనగానే చుట్టూ చూసింది, ఎవరూ లేరు. ఉగాదికి ముందు ఇవే మాటలు ఎవరికీ చెప్పుకోలేకపోయింది. చీపురు చేతిలో పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాకిట్లో అట్లాగే నిలబడిపోయేది. చూసినవాళ్లు సోమరిదన్నారు, గాలి సోకిందన్నారు. గొర్రెలొచ్చాయి, మహజబీన్ పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, మాత్రలు మొదలయ్యాయి. ఎప్పుడో ఒక తెల్లవారుజామున పిల్లగొర్రె అరుపుకు మెలకువ వచ్చి, రాత్రంతా నిద్రపోయినానే అని ఆశ్చర్యపోయింది. అది గొర్రెల వల్లనో, మాత్రల వల్లనో, మంగళవారం మాటల వల్లనో ఆమెకు తెలియదు. మాత్ర లేకుంటే గొర్రెల తాళ్లు విప్పే శక్తి ఉండేది కాదు. గొర్రెలు లేకుంటే, రేపెట్లా అన్న దిగులు మాత్రలతో పోయేది కాదు. అంతవరకు తెలుసు.

సాయంత్రం ఆమె మొగుడు కాటమరాజు పలకల గనిలో పని నుంచి వచ్చి, దొడ్డి తడిక ఊడితే కంపమండ పెట్టి కడుతున్నాడు. సర్వే సంగతి అప్పటికే అతని చెవిన పడింది.

"ఆర్నెల్లు దాణా వస్తే ఎండాకాలం గట్టెక్కుతాం. లేదంటే శివరాత్రికే గొర్రెలు అమ్ముకోవాల."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమేముంది? మొన్నటిదాకా ఉన్నిందే గదా. దాన్నే ఇంకోసారి చెప్పేది."

చెంచమ్మ తడిక అవతలి కొస పట్టుకుంది. "దాని పేరెత్తితే మళ్లీ వస్తదేమోనని భయమయ్యా," అంది.

తాడు ముడి వేస్తున్న అతని చేతులు ఆగాయి. ఉగాదికి ముందు రోజులు అతనూ చూసినవాడే. ముడి బిగించి లేచి, "ఆరు బస్తాలు, చెంచమ్మా," అన్నాడు మెల్లగా.

*

గురువారం గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోయాలి. ఒకరు పట్టుకుంటే ఒకరు పోయాల్సిన పని. చెంచమ్మ గొర్రెలన్నిట్నీ లాల్బీ ఇంటికే తోలుకుపోయింది.

లాల్బీ మొగుడు మొహిద్దీన్ బాషా పరుపులు కుడతాడు. దూది ఏకే మిషను ఆటోలో వేసుకుని గిద్దలూరు, కొమరోలు పక్క ఊళ్లు తిరిగి పదిహేను రోజులకోసారి ఇల్లు చేరతాడు. ఇంటి దగ్గర లాల్బీ బొంతలు కుడుతుంది. పంచలో సగం కుట్టిన బొంత పరిచి ఉంది. దబ్బనం గుడ్డలో సగం దిగి నిలబడి ఉంది. సోమవారం వచ్చినప్పుడూ అది ఆ నీలం గళ్ల ముక్క మీదే ఉండటం చెంచమ్మకు గుర్తొచ్చింది.

"అక్కా, సీసా పట్టుకో. నేను పట్టుకుంటా దీన్ని."

నల్లచెవుల గొర్రె మెడను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బొటనవేలు మూతి పక్కనుంచి దూర్చి నోరు తెరిపించింది. లాల్బీ సీసా వంచింది. మందు ఒక్కసారిగా పడి గొర్రె ఉక్కిరిబిక్కిరై దగ్గింది.

"మెల్లగా అక్కా! ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతది."

లాల్బీ సీసా అరుగు మీద పెట్టేసింది. "నువ్వే పోసుకో. నా చేత ఏదీ సరిగా కాదులే."

ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం తోకగా తగిలించే మనిషి. చెంచమ్మ తలెత్తి చూసింది. దువ్వెన పెట్టి ఎన్ని రోజులైందో, జుట్టు ఉండకట్టి ఉంది. అరుగు మీద గ్లాసులో టీ మీగడ కట్టి ఉంది.

చెంచమ్మ ఒక్కతే తంటాలు పడి అన్నిటికీ మందు పోసింది. పోయేటప్పుడు లాల్బీ గుమ్మంలో నిలబడి అంది: "చెంచూ, నావి రెండూ ఇంక నీ దొడ్డిలోనే ఉండనీ. మళ్లా ఇక్కడికి తోలుకురాబాక."

"మోకాళ్లు తగ్గేదాకనా?"

"ఊఁ. ఆ నల్లచెవులది చూలుతో ఉంది. పిల్లను నువ్వే పెట్టుకో." అని, చెంచమ్మ కదలకపోవడం చూసి, "ఈ వయసులో నాకెందుకే పసిపిల్లలు!" అని నవ్వింది.

చెంచమ్మకు నవ్వు రాలేదు.

*

శుక్రవారం పదిన్నరకు బైకు మీద శివకృష్ణ అనే కుర్రవాడు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. మర్యాదస్తుడే. "ఒక్కొక్కరే లోపలికి రండమ్మా. మిగతావాళ్లు కిటికీ కాడ కూచోవద్దు," అన్నాడు. కాసేపు అందరూ దూరంగానే ఉన్నారు. ఎండ వరండా సగానికి వచ్చేసరికి నీడ కోసం ఒక్కొక్కరే కిటికీ కిందికి జరిగారు. దాని రెక్క ఊడిపోయి చాలా రోజులైంది.

వెంకటసుబ్బులమ్మ లోపలికి పోయి, వచ్చి, రాధాకుమారికి కన్ను గీటింది. తర్వాత లాల్బీ పోయింది. చెంచమ్మ తన వంతు కోసం గుమ్మం పక్కన నిలబడింది.

"పోయిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులు ఉన్నారమ్మా?"

"ఒక్కరోజు గూడా లేదు."

"దిగులుగా, నిరాశగా..."

"లేదు."

"నిద్ర..."

"బాగా పోతా నాయనా."

ప్రశ్న పూర్తికాకముందే జవాబు వస్తోంది. వరండాలో ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. రాధాకుమారి నెత్తి కొట్టుకుంది. "ఈమేంది, అన్నీ లేదు లేదంటాంది! చెప్పినమాట చెవికెక్కలేదా?"

చివరి ప్రశ్న వచ్చింది. "చచ్చిపోతే బాగుండు అనిగానీ, మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలనిగానీ అనిపించిందా?"

లాల్బీ నవ్వింది. "చావాలని ఎవురికుంటది నాయనా? ఉన్న పనులకే పొద్దు చాలడంలా."

చెంచమ్మ గుమ్మం పట్టుకుంది. అదే ప్రశ్నకు ఆరు నెలల కింద తానూ అట్లాగే నవ్వింది. అప్పుడా నవ్వు గొంతు దాకా కూడా రాలేదు, పెదాల మీదే పుట్టింది. ఈ నవ్వూ అంతే. అందరూ కావాలంటున్న దాణాను ఈమె గొప్పకు పోయి వద్దనలేదు. ఆర్నెల్ల తర్వాత సంగతితో తనకు పనిలేదనుకున్న మనిషికి ఆరు బస్తాలెందుకు?

లాల్బీ బయటికి వచ్చి, "పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా," అంటూ ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగిపోయింది.

చెంచమ్మ లోపలికి పోయి పిల్లల కుర్చీలో ముడుచుకుని కూచుంది. శివకృష్ణ మొదటి ప్రశ్న అడిగాడు.

"సగం రోజులు," అంది.

రెండోది అడిగాడు.

"సగం రోజులు."

మూడోది నిద్ర. బుధవారం చేలో అనుకున్న మాట నాలుక మీదే ఉంది, కదలడం లేదు.

"తమ్ముడూ, ఇప్పుడు పోయిన మనిషి అబద్ధం చెప్పింది."

అతను తలెత్తాడు.

"ఆమెకు బాగాలేదు. నాకు తెలుసు. నేనూ అబద్ధమే చెప్తాండా. నాకు తగ్గింది. నాది మొదట్నించి రాసుకో. ఆమెను మళ్లీ పిలిచి అడుగు."

శివకృష్ణ ట్యాబు వంక చూసుకున్నాడు. "మీది మార్చొచ్చక్కా, ఇంకా పంపలేదు. ఆమెది పంపించేసినా. మళ్లీ తెరుచుకోదు. ఒకరి తరఫున ఒకరు చెప్పేదానికి గూడా లేదు."

"మరి మనిషి పోతే?"

"ఆఫీసులో చెప్తా," అన్నాడు శివకృష్ణ. "లిస్టు మాత్రం మారదక్కా. ఆమె లేదనే చెప్పింది గదా."

తొమ్మిదీ మొదట్నుంచి అడిగాడు. నిద్రపోతున్నానంది. తింటున్నానంది. చివరిదానికి ఇప్పుడు అట్లాంటిదేమీ లేదంది. జవాబు చెప్పిన ప్రతిసారీ ఒక బస్తా ఇంట్లోంచి మోసుకుపోతున్నట్టే అనిపించింది.

బయటికి వచ్చేసరికి రాధాకుమారి ఎదురుగా నిలబడి ఉంది.

"నీది నువ్వు చెప్పుకున్నావు, సరే. మేమందరం అబద్ధాలాడుతున్నామని గూడా చెప్పొచ్చినావా?"

"మీ మాట ఎత్తలా రాధమ్మా."

"లాల్బీ మాట ఎత్తినావు గదా. ఊళ్లో మాకు మొహం చెల్లకుండా చేస్తావా?"

వెంకటసుబ్బులమ్మ ముఖం తిప్పుకుంది. మంగళవారం మంగళవారం మోకాలుకు మోకాలు ఆనించి కూచున్న ఆడవాళ్లు చెంచమ్మ మెట్లు దిగేటప్పుడు పక్కకు జరిగి దారిచ్చారు.

*

వీధి మలుపులో నిలబడి మహజబీన్‌కు ఫోను చేసింది. చెప్పింది విని, "నేనే కనిపెట్టలేకపోయినా. నవ్వుతాంది గదా అనుకున్నా," అంది మహజబీన్. వెంటనే, "అక్కా, ఆమెను ఒంటరిగా వదలబాకు. ఎవురో ఒకరు పక్కనుండాల. చావాలనిపిస్తాందా అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన వస్తదేమోనని భయపడొద్దు. అడిగినందువల్ల రాదు. సోమవారం పెద్దాసుపత్రిలో మనసు డాక్టరమ్మ ఉంటది, తీసుకుపో. ఈలోపల ఏ మాత్రం అనుమానమొచ్చినా నూట ఎనిమిదికి చెయ్, నాకు చెయ్. సోమవారం నన్ను కొమరోలు వేసినారు. నేను రాలేను."

చెంచమ్మ పోయేసరికి కబురు ముందే చేరింది. లాల్బీ పంచలో గోడకానుకుని కూచుని ఉంది. పొయ్యి మీద ఎసరేమీ లేదు. పొయ్యే వెలగలేదు.

"నా గుట్టు బజార్న పెట్టినావంట."

"అక్కా..."

"నీకేమన్నా చెప్పినానా నేను? నా నోటితో చెప్పినానా? గొర్రెల్ని ఇచ్చినందుకు ఇదా?"

చెంచమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మహజబీన్ చెప్పినట్టే అడిగింది. "నీకు చచ్చిపోవాలనిపిస్తాందా అక్కా?"

"ఛీ! పో నా ఇంట్లోంచి."

చెంచమ్మ పోలేదు. బొంత కాడ కూలబడింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక దబ్బనం తీసి కుట్టసాగింది. కూలికి రాతపలకల ఫ్రేములకు మేకులు కొట్టిన చేతులు. కుట్టు వంకరటింకరగా పోతోంది. నాలుగు కుట్లు వేశాక తలెత్తకుండా మొదలుపెట్టింది.

"మాఘమాసంలో నీ జల్లెడ తెచ్చిచ్చినా, జ్ఞాపకముందా?"

లాల్బీ మొహం గోడకు తిప్పుకుంది.

"తోమి తెచ్చిచ్చినా. ఆ పొద్దు మా పిల్ల బట్టలన్నీ ఉతికి, మడిచి పెట్టొచ్చినా. ఎవురి వస్తువు వాళ్లకిచ్చేసినా. నీ జల్లెడే ఆఖరిది. అది ఇచ్చినాక ఇంక నాకు పనిలేదనుకున్నా." దబ్బనం దారంలో చిక్కుకుంది. విడదీసి మళ్లీ కుట్టింది. "నువ్వు జల్లెడ తీసుకుని, మొహమేంది అట్లుంది, అన్నం తిన్నావా అన్నావు. కూచోబెట్టి జొన్నరొట్టె పెట్టినావు. ఒకటి తినేసరికి ఇంకోటి వేసినావు. తింటా ఉండంగానే స్కూలు ఆటో వచ్చి పిల్ల దిగింది. అమ్మా అనుకుంటా ఇక్కడికే వచ్చింది. ఆ పొద్దు అట్ల దాటిపోయింది. ఇంతవరకు ఈ మాట మహజబీన్‌కు గూడా చెప్పలా. మొగుడికీ చెప్పలా."

వీధిలో ఎవరో మేకల్ని అదిలించుకుంటూ పోయారు.

"ఆ పొద్దు రొట్టెలు మాడిపోయినాయి," అంది లాల్బీ.

"మాడినాయి. తిన్నా."

లాల్బీ మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని అంది: "వాళ్ల కాగితంలో అది తొమ్మిదోది. నాకు పొద్దున లేస్తానే అదే మొదటిది."

చెంచమ్మ దబ్బనం వదిలేసి జరిగి జరిగి ఆమె పక్కకు చేరింది. లాల్బీ ఏడవలేదు. "మీటింగులో నవ్విస్తా గదా, ఇంటికొచ్చినాక దానికి రెండింతలు మీద పడతది చెంచూ. నవ్వించకుంటే ఏమైందే అని అడుగుతారు. చెప్పేదానికి ఏముంది? బిడ్డలు ఎవురి బతుకు వాళ్లు బతుకుతాండారు. మొగుడు మంచోడే. తిండి ఉంది. ఏమీ లేకుండా ఎందుకొచ్చింది ఇది?"

"నాకూ ఏమీ లేకుండానే వచ్చింది," అంది చెంచమ్మ.

ఆ రాత్రి నుంచి చెంచమ్మ తన కూతుర్ని వెంటబెట్టుకుని లాల్బీ ఇంట్లోనే పడుకుంది. మొహిద్దీన్ బాషాకు ఫోను చేస్తే, ఒప్పుకున్న పరుపులు సగంలో వదిలి ఆదివారం చీకటి పడకముందే వచ్చేశాడు.

*

శనివారం లిస్టు వచ్చింది. పన్నెండు మందిలో పదిమందికి తగ్గలేదు. తగ్గినోళ్లు ఇద్దరే, చెంచమ్మ, లాల్బీ. సోమవారం దాణా బస్తాల ఆటో పదిళ్ల ముందు ఆగుతుందని రాధాకుమారి చాటింపు వేసినట్టు చెప్పుకుంటూ పోయింది.

కాటమరాజు రెండు రోజులు భార్యతో సరిగా మాట్లాడలేదు. సోమవారం పొద్దున చెంచమ్మ తయారవుతుంటే, గనికి పోకుండా తువ్వాలు తలకు చుట్టుకుని దొడ్డి దగ్గరికి పోయాడు. "ఆరు గొర్రెల కోసం ఒక మనిషి కూలి పోగొట్టుకోవాల," అని గొణుగుతూనే కట్టె తీసుకున్నాడు. తడిక తీస్తూ వెనక్కి తిరగకుండా అడిగాడు: "ఆ నల్లచెవులదేనా చూలుతో ఉండేది?"

"అదే. గట్లు దూకనీయబాక."

మార్కాపురం బస్సులో లాల్బీ కండక్టరుతో పరాచికాలాడింది. పక్క సీటు ముసలామె పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. మళ్లీ మొదలుపెట్టిందే, అక్కడికి పోయి కూడా ఇంతేనేమో అనుకుంది చెంచమ్మ. ఆసుపత్రి గేటు కాడ లాల్బీ నిలబడిపోయింది.

"మోకాళ్లకని చెప్తా చెంచూ. దీనికని చెప్పడం నాచేత కాదు."

"నీ ఇష్టం. లోపలికైతే రా."

చీటీ రాయించుకుని రెండు గంటలు బెంచీ మీద కూచున్నారు. వరస ముందుకు జరిగినప్పుడల్లా చెంచమ్మ లాల్బీ మోచేయి పట్టుకుని జరిపింది. పేరు పిలిచారు.

డాక్టరమ్మకు నలభై ఏళ్లుంటాయి. చీటీ అందుకుని ఇద్దరి వంకా చూసింది. ఒకామె జుట్టు చెదిరి, కళ్లు వాచి, మూడు రాత్రుల నుంచి నిద్రలేని ముఖంతో ఉంది. అది చెంచమ్మ. రెండో ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెదాల మీద నవ్వు సిద్ధంగా పెట్టుకుని ఉంది.

"ఎవరమ్మా పేషెంటు?" అంది డాక్టరు చెంచమ్మ వంకే చూస్తూ.

చెంచమ్మ నోరు తెరవబోయి ఆగిపోయింది. శుక్రవారం ఒకసారి ఆమె బదులు తను చెప్పింది. రెండోసారి చెప్పబుద్ధి కాలేదు. గది బయట ఎవరో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది.

"నేనే," అంది లాల్బీ.

డాక్టరు పెన్ను తీసుకుంది. స్టూలు చూపించి లాల్బీని కూచోమంది. చెంచమ్మతో, "నువ్వు కాసేపు బయట కూచోమ్మా. ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి," అంది.

చెంచమ్మ గుమ్మం వైపు తిరిగింది. లాల్బీ వెనకనుంచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆమెను ఉండనీయమ్మా," అంది డాక్టరుతో. "నేను అబద్ధమాడితే ఆమెకు తెలుస్తది."